ఎండిన ఏట్లో చెలమ

ప్రశ్న: అమ్మగారూ, ప్రభువు నామంలో వందనాలు. నాకు 41 ఏళ్ళు. కూకట్‌పల్లిలో ఉంటాం. మా తాతగారి కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం, పుట్టినప్పటి నుంచీ చర్చిలోనే పెరిగాను. క్వయర్‌లో పాడతాను, సండే స్కూల్లో పిల్లలకు చెప్తాను, పోయినేడాది నుంచి స్త్రీల సమాజానికి సెక్రటరీని కూడా. మావారు మంచివారు. పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు. అప్పులేమీ లేవు. అయినా ఏడాదిగా లోపల ఏదో వెలితి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా కుక్కర్ పెడుతుంటే ఉన్నట్టుండి ఏడుపొస్తుంది. ఎందుకో చెప్పలేను. ఈ మధ్య ఒక సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే ఏ ఇంట్లోంచో పాత క్రైస్తవ కీర్తన వినపడింది. మా నాయనమ్మ దీపాలు పెట్టే వేళ పాడే కీర్తన అది. బట్టలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎక్కడికో వెళ్ళిపోవాలనిపించింది, ఎక్కడికో తెలియదు. గుండె పిండేసినట్టయింది, కానీ ఆ నొప్పి పోకూడదనీ అనిపించింది. సంఘంలో ఒకరితో చెప్తే ‘నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, వెతుక్కో’ అన్నారు. ఇంకొకరు 21 రోజులు ఉపవాస ప్రార్థన చేయమన్నారు. తొమ్మిదో రోజుకు కళ్ళు తిరిగి పడిపోయాను. నేను దేవుడికి దూరమైపోయానా? నాకసలు విశ్వాసమే లేదా? నన్ను మీ కూతురనుకుని ‘నువ్వు’ అనే రాయండి.
– ఒక సోదరి, హైదరాబాదు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను, చివరిదాకా టెన్షన్ పడుతూ చదవనక్కర్లేదు. నువ్వు దేవుడికి దూరం కాలేదు. దూరమైపోయిన మనిషికి ఆయన లేని లోటు తెలియదు.

ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘ఆ నొప్పి పోకూడదనీ అనిపించింది’ అన్నావు. దిగులు అలా ఉండదమ్మా. దిగులుగా ఉన్న మనిషి అదెప్పుడు వదులుతుందా అని చూస్తుంది. భయమైనా అంతే, అసూయైనా అంతే. నొప్పిగా ఉంటూనే పోవద్దనిపించేది, మనం ప్రేమించినవాళ్ళ కోసం ఎదురుచూసేటప్పుడే. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్ల శనివారం సాయంత్రం బస్సు చప్పుడు వినపడగానే గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది చూడు, అలాంటిది. బైబిల్లో దాన్ని తృష్ణ అన్నారు.

42వ కీర్తన నీకు నోటికి వచ్చే ఉంటుంది. ‘దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది.’ రాగం కట్టి పాడుకుంటాం గానీ, దాని పైన సన్న అక్షరాల్లో ఉన్న మాట చదవం. అది కోరహు కుమారుల కీర్తన. కోరహు వంశంవాళ్ళు దేవాలయంలో పాటలు పాడే సేవలో ఉన్నవాళ్ళు. అంటే క్వయర్ వాళ్ళు, నీలాంటివాళ్ళు. నాలుగో వచనం చూడు. పండగకొచ్చిన జనాన్ని వెంటబెట్టుకుని, స్తోత్రాలు పాడుతూ మందిరానికి నడిపించిన రోజులు తలచుకుంటున్నాడు ఆ మనిషి. పదిమందినీ నడిపించినవాడే ‘రాత్రింబగళ్లు నా కన్నీళ్లు నాకు అన్నపానములాయెను’ అంటున్నాడు. పక్కనున్నవాళ్ళేమో ‘నీ దేవుడు ఏమాయెను’ అని అడుగుతున్నారు. నిన్ను పాపం వెతుక్కోమన్నట్టే.

ఇంకొక సంగతి. 42, 43 కీర్తనలు ఒకేసారి కలిపి చదువు. ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు’ అన్న మాట రెండింట్లో కలిపి మూడుసార్లు వస్తుంది. మూడోసారి ఆ మాట మీదే కీర్తన అయిపోతుంది. దేవునియందు నిరీక్షణ ఉంచమని తన ప్రాణానికి తానే చెప్పుకున్నాడు గానీ, దాహం తీరిపోయిందని ఎక్కడా చెప్పలేదు. అలాంటి కీర్తనను దేవుడు తన వాక్యంలో ఉంచాడు. నువ్వు కుక్కర్ ముందు ఏడ్చిన ఏడుపునీ ఆయన ప్రార్థనగానే విన్నాడని నేను నమ్ముతున్నాను.

నా సంగతి చెప్తాను. ఈ శీర్షికలో ఇంతకుముందెప్పుడూ రాయలేదు.

1993లో నాకు 38 ఏళ్ళు. ఒంగోలులో ఉండేవాళ్ళం, హైస్కూల్లో తెలుగు టీచర్ని. సండే స్కూలు బాధ్యత నాదే, స్త్రీల కూడికల్లో వాక్యం చెప్పేదాన్ని. ఆ ఏడాది ఒక పెద్ద కూడికలో సాక్ష్యం చెప్పమని నన్ను నిలబెట్టారు. బాగానే చెప్పాను, చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. స్టేజీ దిగి నా కుర్చీలో కూర్చున్నాక చూసుకుంటే లోపల ఏమీ లేదు. నేను చెప్పిన దేవుడు నాకు తప్ప అక్కడున్న అందరికీ తెలిసినట్టనిపించింది. ఇంటికొచ్చి మోకరిస్తే మాట రాలేదు. అలా చాలా నెలలు గడిచాయి. ఒక పెద్దాయనతో చెప్పుకుంటే నీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. పాపాల చిట్టా రాసుకున్నాను. చిన్నప్పుడు పక్కింటి చెట్టు కాయలు కోసుకున్నది కూడా రాశాను. చిట్టా పెరిగింది గానీ మనసు తేలికపడలేదు.

వేసవి సెలవులకు మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున. అమ్మ బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే మనిషిగా, 30 ఏళ్ళు ఆ ఏటి పక్క పల్లెలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. భుజాన గుడ్డసంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం, ఒక చీర. అప్పటికింకా మల్లవరం దగ్గర రిజర్వాయరు కట్టలేదు. మే నెల వచ్చేసరికి ఏరంతా ఇసుకే. మా వీధి బోరింగు కూడా ఆ ఏడు ఎండిపోయింది. తెల్లవారుజామున బిందె, కొబ్బరిచిప్ప తీసుకుని ఇద్దరం ఏట్లోకి దిగాం.

అమ్మ చెప్పులు గట్టున విడిచి ఇసుకలో మెల్లగా నడిచింది. నాకు మొదట అర్థం కాలేదు. అరికాలితో చల్లదనం వెతుకుతోంది. ఒకచోట ఆగి ‘ఇక్కడ’ అంది. నా కంటికి అక్కడా ఇక్కడా ఒకటే ఇసుక. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తోడడం మొదలుపెట్టింది. మోచేతి లోతుకి వెళ్ళేసరికి ఇసుక రంగు మారింది. ఇంకో జానెడు తవ్వితే అడుగున చెమ్మ మెరిసింది. నేను ఆత్రంగా చిప్ప పెట్టి గబగబా తోడబోయాను. ఒక పక్క గట్టు జారి చెలమంతా పూడిపోయింది. ‘తొందరపడబాక’ అంది అమ్మ. ఒక్కమాట విసుక్కోలేదు. మళ్ళీ మొదటినుంచి తీసింది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. మొదట ఊరినవి బురదనీళ్ళు. తోడి పారబోసింది. రెండోసారి ఊరినవీ పారబోసింది. తర్వాత ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఎండ ఇంకా రాలేదు. చూస్తుండగా అడుగున ఇసుకరేణువులు కనపడేంత తేటగా నీళ్ళొచ్చాయి. చిప్పతో చిన్నగా ముంచి, మూతికి గుడ్డ కట్టిన బిందెలో పోసింది. బిందె నిండడానికి గంట పైనే పట్టింది.

అప్పుడు చెప్పాను. ‘అమ్మా, నాకు ప్రార్థన రావడంలేదు. ఆయన కావాలనిపిస్తోంది, దొరకడంలేదు.’

అమ్మ నా మొహంలోకి చూసి, ‘కావాలనిపిస్తా ఉందా?’ అని అడిగింది. అవునన్నాను.

‘అయితే తడి ఉందిలే. తవ్వుకో’ అంది. బిందె చంకనెత్తుకుని గట్టెక్కింది.

నేను ఇన్నేళ్ళలో విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. దేవుడి కోసం తపించడం మనంతట మనం పుట్టించుకోగలిగింది కాదు తల్లీ. ‘నన్ను పంపిన తండ్రి వానిని ఆకర్షించితేనే గాని యెవడును నా యొద్దకు రాలేడు’ అని యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువే అన్నాడు. నీకు వెలితిగా ఉందంటే అడుగున ఆయన పని మొదలైంది. నువ్వు మేడ మీద నిలబడిపోయావు చూడు, అక్కడ నీ అరికాలికి చల్లదనం తగిలింది.

అయితే తవ్వడానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. తొమ్మిదో రోజున పడిపోయానన్నావు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. రక్తపరీక్ష చేయించుకో, థైరాయిడ్ చూపించుకో. నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకుండా వారాలు గడుస్తున్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ మాట కూడా దాచకుండా డాక్టరుకు చెప్పు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళు. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. ఉపవాసం మంచిదే, నేనూ ఉంటాను. కానీ ఎవరో లెక్క చెప్పారని 21 రోజులు ఒంటిని ఎండబెట్టడం, నేను చిప్పతో గబగబా తోడినట్టే. గట్టు జారిపోతుంది.

పాపం సంగతి. నిజంగా ఏదైనా ఉంటే ఆత్మదేవుడు వేలుపెట్టి చూపిస్తాడు. నాతాను ప్రవక్త దావీదు రాజుతో ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నట్టు. ఫలానా రోజు ఫలానావాళ్ళను ఆ మాట అన్నావు, ఆ డబ్బు ఇంకా తిరిగివ్వలేదు అని ఇంత తేటగా తెలుస్తుంది. అలాంటిది గుర్తొస్తే ఇవాళే వెళ్ళి సరిచేసుకో. ఏమీ గుర్తురాకపోతే నాలా కాయల చిట్టా రాయడం మొదలుపెట్టకు. పేరు చెప్పకుండా ఊరికే ‘నువ్వు చెడ్డదానివి, చెడ్డదానివి’ అని నూరిపోసే గొంతు మన కాపరిది కాదు.

ఇక నువ్వు చేయగలిగినవి. ఆ వెలితి వచ్చినప్పుడు మొట్టమొదట నీ చెయ్యి ఎటు పోతుందో ఒక వారం గమనించు. చాలామందికి ఫోను మీదికి పోతుంది. నాకు ఆ రోజుల్లో పని మీదికి పోయేది, ఇంకో కూడిక ఒప్పుకునేదాన్ని. యూట్యూబులో ఒక మెసేజి అయ్యాక ఇంకో మెసేజి వింటే ఆ నొప్పి కాసేపు సర్దుకుంటుంది, అవి మంచి మాటలే కూడా. కానీ దాహం తీరదు. యిర్మీయా రెండో అధ్యాయంలో దేవుడు తన జనం గురించి బాధపడింది దీనికే. జీవజలముల ఊటనైన తనను విడిచి, ‘బద్దలై నీళ్లు నిలువని తొట్లను’ తొలిపించుకున్నారని. ఈసారి ఏడుపొస్తే స్టవ్ సిమ్‌లో పెట్టి వంటగదిలోనే ఆ పీట మీద కూర్చో. దాన్ని తోసెయ్యకు, అర్థం చేసుకోవాలనీ చూడకు. ‘ప్రభువా, నాకు నువ్వు కావాలి’ అను. పిల్లల చదువులు, మీవారి ప్రమోషను, సంఘం అవసరాలు అప్పుడు తేకు. వాటికి వేరే వేళ ఉంది.

రోజుకు ఒక పదిహేను నిమిషాలు, ఇంట్లో ఇంకెవరూ లేవకముందు, ఫోను వేరే గదిలో పెట్టి, ఒక్క కీర్తన బయటికి చదువు. ఒక్కటే. మనసు నిలవదు. ఇడ్లీ పిండి గుర్తొస్తుంది, పాలవాడు గుర్తొస్తాడు, ఎప్పుడో ఆడపడుచు అన్న మాట గుర్తొస్తుంది. మొదట ఊరేవి బురదనీళ్ళేనమ్మా, భయపడకు. పారబోసి మళ్ళీ కూర్చో. నాకు ఆ సెలవుల తర్వాత దసరా దాకా అలాగే నడిచింది. ఒకరోజు 63వ కీర్తన చదువుతుంటే, ‘నీళ్లు లేకయెండియున్న దేశమందు’ అన్న మాట దగ్గర గొంతు ఆగిపోయింది. అంతే జరిగింది. వెలుగులు కనపడలేదు, స్వరం వినపడలేదు. ఆయన గదిలో ఉన్నాడని మాత్రం తెలిసింది. మర్నాడు ఆ తెలివిడి లేదు, అయినా కూర్చున్నాను.

క్వయర్, సండే స్కూలు, సెక్రటరీ పని. ఈ మూడింట్లో ఒకటి ఆరు నెలలు దించెయ్యి. సెక్రటరీ పని దించితే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పాటా, పిల్లలూ నీకు ప్రాణం పోసేవిలా కనపడుతున్నాయి నీ ఉత్తరంలో. పాస్టరుగారితో మర్యాదగా చెప్పు. ఏమనుకుంటారో అని దడుచుకోకు. మార్త ఇంట్లో వంట ఆగకూడదని మనందరికీ ఉంటుంది గానీ, ఆమె చెల్లెలు మరియ తన మాట వింటూ కూర్చున్నందుకు ప్రభువు ఆమెను లేవమనలేదు.

మీ నాయనమ్మ పాడిన ఆ కీర్తన పేరు నువ్వు రాయలేదు. అది నేర్చుకో. మన పాత కీర్తనల్లో, ముఖ్యంగా పురుషోత్తమ చౌదరి గారివి, ఈ తపన నిండా ఉంటుంది. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆ మహానుభావుడి పాటలు ఇప్పటికీ మన పాటల పుస్తకంలో నిలిచాయంటే రాగం ఒక్కటే కారణం కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆ పాట మీ ఇంట్లో నువ్వు పాడు. పిల్లలు ఎగతాళి చేసినా సరే. మీ నాయనమ్మా ఏ వెలితితో పాడేదో నీకప్పుడు తెలియదు కదా.

మా ఒంగోలు ప్రాంతపు సంఘాల చరిత్రలో యెర్రగుంట్ల పేరయ్య గారని ఒకాయన ఉన్నారు. తాళ్ళకొండపాడు వారు, మాదిగ కులస్థులు, తోళ్ళ వ్యాపారం చేసేవారు. గుడి వాకిలి ఆ కులానికి మూసేసిన రోజులవి. అయినా దేవుణ్ణి తెలుసుకోవాలన్న తపనతో గురువులను ఆశ్రయించి రాజయోగం నేర్చుకున్నారు, ఏళ్ళ తరబడి సాధన చేశారు. క్రీస్తు మాట చెవినపడేనాటికే ఆయన వెతుకుతూ ఉన్నారు. 1866లో బాప్తిస్మం పొందారు, అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడిందీ ఆ ఏడాదే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మేము ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాం. మా అమ్మ చెలమ తీసింది ఆ ఏట్లోనే. అందరికీ ఆ 2,222 గుర్తుంటుంది. నాకు మాత్రం అంతకు పన్నెండేళ్ళ ముందు, ఏ చర్చీ ఏ పాస్టరూ పక్కన లేకుండా, తోళ్ళ మూట పక్కన పెట్టుకుని దేవుడెక్కడున్నాడా అని కూర్చున్న మనిషే ఎక్కువ గుర్తొస్తాడు. చుట్టూ చర్చి ఉన్న నీ దాహమూ, ఏమీ లేని ఆయన దాహమూ ఒకటే.

ఒక్క పని మాత్రం రేపే మొదలుపెట్టు. మీ సంఘంలో మంచం పట్టిన ముసలావిడ ఎవరో ఒకరుంటారు. సెక్రటరీగా కాదు, ఊరికే వెళ్ళు. జుట్టు దువ్వు, కాస్త పప్పన్నం కలిపి పెట్టు, ప్రార్థన చేయమని ఆవిణ్ణే అడుగు. యెషయా 58వ అధ్యాయంలో ఉపవాసం గురించి దేవుడు చెప్పింది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టమనే కదా. పదకొండో వచనంలో ‘నీరు కట్టిన తోటవలెను’ అన్న వాగ్దానం ఉంది, అది ఆ మాట తర్వాతే వస్తుంది. చదువుకో. మీ నాయనమ్మ కీర్తన ఏదో నాకు రాయి, నాకూ వస్తుందేమో చూస్తాను.

ప్రశ్న: టీచర్‌గారూ, నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. యూత్ మీటింగుల్లో అందరూ చేతులెత్తి ఏడుస్తారు. నాకు ఏమీ అనిపించదు, మొద్దులా నిలబడతాను. ఒకసారి పక్కనున్న ఫ్రెండు చూస్తున్నాడని కళ్ళు తుడుచుకున్నట్టు నటించాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. వాళ్ళకున్నది నాకూ కావాలని ఉంది. నేను రక్షణ పొందలేదేమో?
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నటించినందుకు నిద్రపట్టలేదన్నావు చూడు, ఆ నిద్రపట్టకపోవడం నాకు నచ్చింది. ఇంకెప్పుడూ నటించకు. కన్నీళ్ళు కొందరికి తొందరగా వస్తాయి, కొందరికి రావు. మా ఆయనకు వాళ్ళ నాన్న పోయిన రోజున కూడా రాలేదు, కానీ ఏడాదిపాటు రోజూ సాయంత్రం ఆయన పడక్కుర్చీ తుడిచి వరండాలో వేసేవారు.

మదర్ థెరిసా గారు 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైల్లో ప్రభువు పిలుపు విన్నారు. ఆ తర్వాత ఆవిడ పని మొదలైన దగ్గర్నుంచి దాదాపు 50 ఏళ్ళు, మధ్యలో కొద్దికాలం తప్ప, దేవుడు దగ్గరున్నట్టు ఆవిడకు అనిపించలేదు. ఆ సంగతి తన ఆత్మీయ పెద్దలకు రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయితే లోకమంతా ఆశ్చర్యపోయింది. ఏమీ అనిపించకుండానే ఆవిడ తెల్లవారుజామున లేచి ప్రార్థనకు కూర్చున్నారు, కలకత్తా రోడ్ల మీద పడి ఉన్నవాళ్ళను ఎత్తుకొచ్చారు. నువ్వు ఆవిడంత మోయాలని చెప్పడంలేదు. అనిపించడం వేరు, ఆయన ఉండడం వేరు అని చెప్తున్నాను.

‘నాకూ కావాలని ఉంది’ అన్నావు. ఫ్రెండ్స్‌కున్న ఏడుపు కావాలా, ప్రభువు కావాలా? ఒకసారి నిన్ను నువ్వు అడుగు. మొదటిదైతే వదిలెయ్యి. రెండోదైతే మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో జబ్బుపడ్డ పిల్లవాడి తండ్రి ఏమన్నాడో చదువు. ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము.’ ఆయన అంతకంటే మంచి ప్రార్థన చేయలేదు, అయినా ఆ పిల్లవాడు బాగయ్యాడు. వచ్చే మీటింగులో చేతులు కిందికే ఉంచి, ఆ ఒక్కమాట మనసులో అనుకో.

ప్రశ్న: అమ్మా, నాకు 74 ఏళ్ళు. నేను పేరుకే క్రైస్తవుణ్ణి. ప్రార్థనంతా మా ఆవిడే చేసేది. రోజూ తెల్లవారుజామున మూడింటికి లేచి, మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేది. లైటు వేస్తే నా నిద్ర పాడవుతుందని చిన్న టార్చి పెట్టుకునేది. పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు మూడింటికి నాకే మెలకువ వస్తోంది. ఎవరో పిలిచినట్టే ఉంటుంది. లేచి కూర్చుంటాను, ఏం చేయాలో తెలియదు. ఆవిడ బైబిలు అలమరలో అలాగే ఉంది, కళ్ళజోడు పెట్టె అందులోనే పెట్టి మూసింది, నేను తెరవలేదు. ఇది ఆవిడ మీద బెంగా, దేవుడి పిలుపా? ఈ వయసులో మొదలుపెడితే ఆయన నవ్వడా?
– నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నగారూ, సమూయేలు పిల్లవాడుగా మందిరంలో పడుకుని ఉంటే రాత్రి దేవుడు పిలిచాడు. సమూయేలు యాజకుడు ఏలీ పిలిచాడనుకున్నాడు. లేచి పరుగెత్తుకుంటూ ఏలీ దగ్గరికి వెళ్ళాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తనకు బాగా తెలిసిన గొంతు అదొక్కటే కదా, దేవుడి పిలుపు కూడా ఆ గొంతులాగే వినపడింది. మీకు వదినగారి గొంతులా వినపడుతోందేమో. బెంగా, పిలుపా అని విడదీసి చూడాల్సిన పని లేదు. రెండూ కలిసే వచ్చాయనుకోండి. దేవుడు సమూయేలును పొరపాటుపడ్డావని కోప్పడలేదు, నాలుగోసారి మళ్ళీ పిలిచాడు.

నవ్వడండీ. ప్రభువు చెప్పిన ఉపమానంలో సాయంకాలం అయిదింటికి ద్రాక్షతోటలోకి వచ్చిన కూలివాళ్ళను చూసి ఆ యజమాని నవ్వాడా? తెల్లవారినుంచి పనిచేసినవాళ్ళకిచ్చిన కూలే వాళ్ళకూ ఇచ్చాడు.

రేపు మెలకువ వచ్చినప్పుడు తొందరపడి లేవకండి, తల తిరుగుతుంది. కాసేపు మంచం అంచున కూర్చుని లేవండి. చాప మీద కూర్చోవడం మోకాళ్ళకు కష్టమైతే కుర్చీ వేసుకోండి. ఇప్పుడు ఎవరి నిద్రా పాడవదు, పెద్ద లైటే వేసుకోండి. అలమర తెరిచి ఆ బైబిలు తీసుకోండి. కళ్ళజోడు పెట్టె ఏ పేజీల మధ్య ఉందో అక్కడ తెరవండి. పెట్టె తీసి పక్కన పెట్టి, వదినగారు ఆపిన చోటునుంచి పది వచనాలు బయటికి చదవండి. మీ గొంతు మీకు వినపడాలి. చదివాక ‘ప్రభువా, వింటున్నాను’ అనండి, సమూయేలూ అంతే అన్నాడు. ఏడుపొస్తే రానివ్వండి. ఆ కళ్ళజోడు పెట్టె ఏ పుస్తకంలో, ఏ అధ్యాయం దగ్గర ఉందో నాకు కార్డు రాయండి. నేనూ ఆ మూడింటికి అక్కడే తెరిచి చదువుతాను.